కొట్టు ముందర ఉయ్యాల

నాకు కూతురు పుట్టినప్పుడు సర్కారు 180 రోజులు జీతంతో సెలవిచ్చింది. 2010కి ముందు 120 రోజులే ఉండేదంట. ఆర్నెల్లు బిడ్డని పక్కలో వేసుకుని పడుకున్నాను. నెలనెలా జీతం పడింది. మా మాదిగపల్లెలో మంచంలో ఉండి జీతం తిన్న మొదటి బాలింతని నేనే.

అమ్మకి అది వింత. పల్నాడు మిరపచేలల్లో కూలి చేసి మమ్మల్ని పెంచింది. నన్ను కన్న ఇరవయ్యో రోజునే కోతకి పోయిందంట. గట్టు మీద తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టేదంట. "మిరప చేతుల్తో ముట్టుకుంటే నీకు మండుద్దని, మట్టేసి రుద్ది రుద్ది కడుక్కుని పాలిచ్చేదాన్నే" అంటది.

నా చెల్లెలిది మా ఇద్దరి మధ్య బతుకు. ఇంటర్ తప్పింది. మరిది ఆటో తోల్తాడు. డ్వాక్రా గ్రూపులో 50 వేలు లోను తీసుకుని, నేనుండే టౌనులోనే బస్టాండు పక్క సందులో టిఫిన్ కొట్టు పెట్టింది. దానికి తనే యజమాని, తనే కూలి. కానుపొస్తే సెలవెవరిస్తారు? మొదటి కానుపుకి కేంద్రం ఇచ్చే 5 వేలకి అప్లికేషను పెట్టాం. కొట్టు అద్దె, గ్రూపు కిస్తీ మాత్రం ఆ డబ్బులొచ్చేదాకా ఆగవు గదా. ఇరవై రెండో రోజున చెల్లి మళ్ళా తెల్లారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించింది. బిడ్డని చూసుకోను అమ్మ పల్లె నుంచి వచ్చింది. ఇడ్లీ పాత్ర ఎక్కించినాక దించేదాకా దొరికే పది నిమిషాలే బిడ్డకి పాలిచ్చే టైము. అందులోనే ఎవరో ఒకరు "అమ్మా, పార్సిలూ!" అని కేకేసేవాళ్ళు.

అంతవరకూ ఆ కొట్టు దగ్గర మా కులం ఎవరికీ తెలవదు. అడగలేదని కాదు. "ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంటి?" అని చుట్టు తిప్పి అడిగేవాళ్ళు. చెల్లి నవ్వి, ఇంకో గరిటె చట్నీ వేసి తప్పుకునేది. ఆ నవ్వు నేర్పింది నేనే. నేను అద్దెకున్న ఇంట్లోనూ అదే నవ్వు నవ్వుతాను. మా బడిలో మీటింగులకి టిఫిన్లు ఆ కొట్టు నుంచే తెప్పించేదాన్ని. అందరూ లొట్టలేసుకుని తినేవాళ్ళు. కొట్టు మా చెల్లిదని మాత్రం చెప్పలేదు.

ఒకరోజు మా ఊరి రైతొకాయన టిఫిన్‌కొచ్చాడు. కొట్టు వెనక అమ్మ ఉయ్యాల ఊపుతోంది. "ఏమే, ఇక్కడున్నావా? కోతకి మనుషులు దొరక్క మేం చస్తంటే!" అన్నాడు. అమ్మ పాత అలవాటున లేచి నిలబడింది. ఆయన అమ్మని చూశాడు. చెల్లిని చూశాడు. ప్లేటు చూసుకున్నాడు. డబ్బులిచ్చి, సగం ఇడ్లీ వదిలేసి పొయ్యాడు.

ఎవరూ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా రోజూ వచ్చేవాళ్ళు ఎదురు సందులో కొట్టుకి మళ్ళుకున్నారు. నేను పదో తరగతికి సోషల్ చెప్తాను. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని బోర్డు మీద రాస్తాను. నలుగుర్లో కులం పేరుతో తిడితే 1989 చట్టం కింద కేసు పెట్టొచ్చు. తిట్టకుండా పక్క కొట్టుకి పోయినోళ్ళ మీద ఏం కేసు పెడతాం?

అప్పుడు నేను చెల్లికి ఒక సలహా చెప్పాను. "లోను తీరేదాకా అమ్మనీ బిడ్డనీ పల్లెకి పంపియ్యి" అన్నాను. మూడ్నెల్ల బిడ్డ. తల్లిపాల మీదున్న బిడ్డ. నా బిడ్డని నేను ఆర్నెల్లు పక్కలోంచి దించలేదు. మాట నోరు దాటినాకే ఆ సంగతి గుర్తొచ్చింది.

చెల్లి పిండి చేతులు కడుక్కుంది. "అక్కా, అమ్మ నిన్ను అందరికీ కనపడేటట్టే ఊపింది. నేను నా బిడ్డని దాచిపెట్టుకుని ఇడ్లీలమ్ముకోవాలా?" అంది. తెల్లారి ఉయ్యాల విప్పుకొచ్చి కొట్టు ముందర దూలానికి కట్టింది. పక్కన కుర్చీ వేసి అమ్మని కూచోబెట్టింది.

బేరం సగానికి పడిపొయ్యింది. రెండు కిస్తీలు నేను కట్టాను. తర్వాత తర్వాత ఆటోవాళ్ళు, హాస్టలు పిల్లలు, మార్కెట్‌యార్డు హమాలీలు రావడం మొదలుపెట్టారు. మునుపటంత లేదు. కొట్టయితే మూతపడలేదు.

నాకు ఇంకో బాకీ మిగిలింది. మొన్న మీటింగుకి టిఫిన్లు నేనే పట్టుకెళ్ళాను. "ఇవి మా చెల్లి కొట్లోవి. చట్నీ మా అమ్మ చేసింది" అన్నాను. పదకొండు మందిమి ఉన్నాం. ఇద్దరు ఉపవాసమన్నారు. ఒకామె ఇంటికాడ తినే వచ్చానంది. మిగతావాళ్ళు తిన్నారు. ఆ ముగ్గురూ కిందటి మీటింగులో మారు అడిగి చట్నీ వేయించుకున్నవాళ్ళే.

వచ్చే మీటింగుకీ టిఫిన్లు అక్కణ్ణించే తెస్తాను.