ఆకు మందే గదా!

మార్చి 9, నల్లగొండ
పక్కింటామె దవడ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు. పన్ను సలిపిందని రాత్రి ఎల్లిగడ్డ దంచి కట్టుకుని పడుకుందట. చిగురు మీద కూడా ఇంత నూరి పెట్టింది, అక్కడ తెల్లటి పొర లేచింది. "వేడి చేసిందన్నా, గంతే" అని మజ్జిగ తాగుతోంది. పాయ చితికితేనే అల్లిసిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. అది రాత్రంతా ఒంటికి అంటుకుని ఉంటే చర్మం కాలుతుంది.

మార్చి 14, మర్రిగూడ
నడివయసాయన పళ్లకు గోధుమరంగు చారలు. ఇటుక పొడి, ఉప్పు, నిమ్మచెక్క... రోజూ తోముడే. ఇది ఫ్లోరైడ్ చార, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పింగాణీలో పడుతుంది. తోమితే అరిగేవి పింగాణీ, చిగుళ్లే.

మార్చి 22, అచ్చంపేట
సంతలో నల్లజీడి గింజలు. దిష్టికి కట్టేవి, ఒకప్పుడు చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టినవి. టీ కొట్టు దగ్గర ఒకాయన పాదం పొంగి, నీటి బుగ్గలు వరసగా తేలి ఉన్నాయి. పగిలిన మడమకు జీడి కాల్చి చుక్కలు పెట్టుకున్నాడట. కనురెప్పలూ వాచాయి. "కాలికి పెడితే కండ్లెందుకు వాస్తయ్ సార్? దావత్‌ల వంకాయ తిన్న, గదే." పాపం వంకాయ! జీడి రసం పొక్కించడానికి చాలామందికి ఒకట్రెండు రోజులు పడుతుంది. ఈలోగా వేళ్లకంటింది కళ్లకు చేరుతుంది. మామిడి, జీడిమామిడి, ఇది ఒకే కుటుంబం. కొల్లాపూర్ తోటల్లో పిల్లల మూతులు సొనకు పొక్కేదీ ఆ చుట్టరికంతోనే.

మార్చి 23
ఈ ఊళ్లో నాటువైద్యం చేసే పెద్దాయన్ని జీడి గురించి అడిగాను. చేతులకు నూనె రాసుకుని, గింజ మొన కోసి, ఇటుక పొడిలో వేసి రుద్దుతాడు. రసం పొడికి పడుతుంది. తర్వాత వేడినీళ్లతో కడగడం. అదీ శుద్ధి. "మందు అందరడుగుతరు బిడ్డా. శుద్ధి ఎవ్వడడుగుతడు?"

ఏప్రిల్ 4, మహబూబ్‌నగర్
బొల్లి మచ్చకు బావంచాల నూనె పూసుకుని ఎండలో నిలబడ్డ కుర్రాడు. మోచేయి నిండా బొబ్బలు. ఆ గింజల్లో ఉండేది సోరాలెన్, ఎండ తగిలితేనే పనిచేస్తుంది. ఆ జాతి మందులనే చర్మవైద్యులూ వాడతారు, కిరణాల మోతాదు కొలిచి. ఇతనికి అమ్మినవాడు ఎండలో నిలబడమన్నాడు, ఎంతసేపో చెప్పలేదు. అసలే పాలమూరు ఎండ! సీసా మీద తయారీ తేదీ లేదు, 'నూటికి నూరుపాళ్లు ప్రకృతి సహజం' అని మాత్రం ఉంది. అమ్మినవాడు సోమవారం మళ్లీ వస్తాడట. వెళ్లి అడగాలి.