మోతిది ఏ జాతి?

బాపు ఉట్నూరు దగ్గర బడిపంతులుగా పనిచేసే రోజుల్లో, ఒక సెలవులకు కరీంనగర్ వస్తూ చేతిసంచిలో కుక్కపిల్లను తెచ్చాడు. తండాలోని లంబాడా పెద్దాయన "మంచి జాగిలం సారూ, తీస్కపోండ్రి" అని ఇచ్చాడట. మోతి అని పేరు పెట్టుకున్నాం. ఏడాది తిరిగేసరికి సన్నని నడుము, పొడుగాటి మూతి, కర్రల్లాంటి కాళ్లు వచ్చాయి. ఎంత పెట్టినా ఒంటికి పట్టేది కాదు. డొక్కలు లెక్కపెట్టవచ్చు.

ఇంటికొచ్చిన ప్రతివారూ "ఏ జాతి?" అని అడిగేవారు. నాకప్పుడు పన్నెండేళ్లు. తండా కుక్క అని చెప్పడానికి నామోషీగా ఉండేది. "ఆల్సేషియన్ క్రాస్" అనేవాణ్ణి. ఒకనాడు ఆ పెద్దాయనే ఏదో పనిమీద వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు. దారినపోయే మిత్రుడొకడు అదే ప్రశ్న వేస్తే, ఆయన ఎదుటే అదే జవాబు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మోతి తల నిమిరి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

చాలా ఏళ్ల తరువాత ఈ కుక్కల వంశం గురించి చదివాను. దక్కన్‌లోని ఈ సన్నపాటి వేటకుక్కలను కారవాన్ హౌండ్లంటారు. కారవాన్ అంటే బిడారు. రైళ్లు రాకముందు లంబాడాలు ఎడ్లమీద ఉప్పూ ధాన్యమూ మోసుకుని దేశమంతా తిరిగినవారు. మొగలు సైన్యాలకు సైతం తిండిగింజలు చేరవేసినవారు. రాత్రి మజిలీల్లో ఎడ్లకు కావలి ఈ కుక్కలే. పశ్చిమాసియా సలూకీల రక్తం వీటిలో కలిసిందని చెబుతారు. ఇలాంటి కుక్కలనే ముధోల్ రాజు మాలోజీరావు ఘోర్పడే ఏరి పెంచాడు. మన ఆదిలాబాద్ వైపు ముధోల్ కాదు, కర్ణాటకలోనిది. 2005లో ముధోల్ హౌండ్ బొమ్మతో తపాలాబిళ్ళ కూడా వచ్చింది. మోతిలో ఆ రక్తం ఎంతో, ఊరకుక్కల పాలు ఎంతో చెప్పే కాగితమేదీ లేదు.

అసలు సిగ్గుపడింది మాత్రం ఆల్సేషియన్ గురించి చదివినప్పుడు. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి, రకరకాల గొర్రెలకాపరుల కుక్కల నుంచి ఏరి ఆ జాతిని నిలబెట్టాడు. దాని పూర్వులు కూడా మందల వెంట తిరిగినవే! మొదటి ప్రపంచయుద్ధం తరువాత బ్రిటన్‌లో జర్మన్ అన్న మాటే గిట్టక దానికి ఆల్సేషియన్ అని పేరు మార్చారు. అక్కడ అసలు పేరు అధికారికంగా తిరిగి రావడానికి 1977 దాకా పట్టింది. అంటే మోతి పుట్టుకను దాచడానికి నేను అరువు తెచ్చుకున్న పేరు కూడా పుట్టుకను దాచడానికి పెట్టినదే.

ఇప్పుడు మోతి లేదు. ఆ పెద్దాయనా లేడు. అరుగుమీద ఆయన ఎదుట చెప్పవలసిన జవాబును ఇంతకాలానికి ఇక్కడ రాస్తున్నాను.

మాది తండా కుక్క. ఉట్నూరు నుంచి వచ్చింది.