తోక ఊపుతోంది కదా అనుకున్నా!

"మా బ్రూనో ఏం చెయ్యదండీ, భయపడొద్దు."

మైపాడు బీచ్‌లో ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని బెంగళూరు నుంచి ఊరికొచ్చేశా, నాతోపాటు మూడేళ్ల లాబ్రడార్ కూడా వచ్చింది. సాయంత్రం లాప్‌టాప్ మూయగానే బీచ్‌కి పోయి బెల్టు తీసేసేవాణ్ని. అది ఇసుకలో పరిగెడుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

కిందటేడాది ఒక ఆదివారం ఒడ్డున చేపలు ఎండబెట్టారు. బ్రూనో వాటిలో ఒకటి కరుచుకొచ్చింది. అక్కడే ఆడుకుంటున్న పిల్లాడు, ఎనిమిదేళ్లుంటాయేమో, నవ్వుతూ దాన్ని లాక్కోబోయాడు. బ్రూనో తోక ఊపుతోంది. భలే ఆడుతున్నారే అని ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టా. మరుక్షణం పిల్లాడి చెయ్యి దాని నోట్లో ఉంది.

"ఏందబ్బాయా, ఏం చెయ్యదంటివే!" అని వాళ్ల అవ్వ పరిగెత్తుకొచ్చింది. నా దగ్గర సమాధానం లేదు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగి, బైక్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లా. బ్రూనోకి రేబిస్ టీకాలన్నీ వేయించా, అయినా పిల్లాడికి ఇంజెక్షన్లు తప్పవు. ఆ రోజు ఒకటి, తర్వాత 3, 7, 28 రోజులకి. నాలుగుసార్లూ నేనే తీసుకెళ్లా. దారిలో వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి వీడియోని ఆపి ఆపి చూశా. తోక ఊపుతున్నమాట నిజమే. కానీ కర్రలా పైకి నిలబెట్టి, కొస మాత్రం గబగబా ఆడిస్తోంది. ఒళ్లంతా బిగుసుకుపోయింది. మొహం పక్కకి తిప్పుకుని, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా పిల్లాణ్నే చూస్తోంది. 'దగ్గరికి రావద్దు' అని ఇన్ని రకాలుగా చెప్తుంటే నాకు కనపడింది తోకొక్కటే!

మరి గుర్రుమనలేదేం? ఆ జవాబూ నా దగ్గరే ఉంది. చిన్నప్పుడు తిండి గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమనేది. పేపర్ చుట్టి మూతిమీద కొట్టేవాణ్ని. కొన్నాళ్లకి మానేసింది. ట్రైనింగ్ ఇచ్చానని ఆఫీసులో గొప్పలు కూడా చెప్పుకున్నా. మా భాషలో చెప్పాలంటే, అలర్ట్‌ని మ్యూట్ చేసి సర్వర్ బాగైపోయిందనుకోవడం. దాని భయం పోలేదు, నోరు మాత్రం మూతపడింది.

చట్టం కూడా తర్వాతే చదివా. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లాడి ఇంట్లోవాళ్లు కేసు పెట్టలేదు. అది వాళ్ల మంచితనం.

ఇప్పుడు బీచ్‌లో బెల్టు తీయను. జనం ఎక్కువుంటే మూతికి చిక్కం కడతా. ఎడ్లకి కడతారే, అలాంటిదే. నోట్లో ఏదైనా పట్టుకుంటే లాక్కోను, చికెన్ ముక్క చూపిస్తా, అదే వదిలేస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి, ఒక్కో గుంతలో వంద దాకా. కుక్క ముక్కుకి అవి పసిగట్టడం ఎంతసేపు? తెల్లారుజామున వదిలేసిన రోజుల్లో ఇది ఎక్కడెక్కడ తవ్విందో నేనెప్పుడూ పోయి చూడలేదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొన్న ఆ పిల్లాడు కనపడ్డాడు. పది అడుగుల దూరంలో ఆగి, "అన్నా, కరవదా?" అన్నాడు.

"కరుస్తుందిరా" అన్నా. "అక్కడే ఉండు, నేను పట్టుకుంటా."

బెల్టు రెండు చుట్లు చేతికి చుట్టుకున్నా. వాడు అక్కడే కూర్చుని కాసేపు బ్రూనోని చూసి వెళ్లిపోయాడు.