టీటీ సీటు విప్పాక

మే 12, 2025, సోమవారం

డ్రైవరు సీటు కుడి పక్కదిండు తోలు పగిలింది. అంచు వెంబడి జానెడు మేర పెచ్చులు లేచి లోపలి తెల్లటి పొర కనిపిస్తోంది. మిగతా తోలంతా దాదాపు కొత్తదే. ఆడి టీటీ కూపే, 2016లో తయారైన మూడో తరం బండి. డాక్టరుగారు హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని బెజవాడ తెచ్చుకున్నారు. 2015లో మన దేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు దీని ధర 60 లక్షల పైమాటే. ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఇలాంటివి ఎప్పుడో గాని రావు.

ఆ అంచే ఎందుకు పగిలిందో ఒకసారి ఎక్కి దిగితే తెలిసిపోయింది. బండి మొత్తం ఎత్తు 1,353 మిల్లీమీటర్లు. పక్కన నిలబడితే కప్పు నా భుజానికి కిందే ఉంది. సీటు ఇంకా ఎంతో కింద. దిగేటప్పుడు ఒంటి బరువంతా ఆ పక్కదిండు మీద మోపి, దాని మీదుగా జారి బయటికి రావాలి. మలుపులో మనిషి పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచాలంటే పక్కదిండ్లు ఎత్తుగా ఉండాలి. ఎత్తుగా ఉంటే రాపిడి తప్పదు. స్పోర్ట్స్ బండి సీటుకి ఇది పుట్టుకతో వచ్చిన తగువు.

డాక్టరుగారికి ఇంకో కోరిక ఉంది. "మేస్త్రీ గారూ, పనిలో పని రెండు సీట్లకీ ఎర్ర తోలుతో డైమండ్ కుట్టు వేసేయండి. పైనుంచి కవర్లు తొడిగినా నాకు అభ్యంతరం లేదు" అన్నారు. సీటు విప్పి చూశాక చెప్తానన్నాను.

మే 13, మంగళవారం

ముందు బ్యాటరీ తీగ తీయించాను. తీసిన వెంటనే సీటు ముట్టుకోకూడదు. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిలిచిన కరెంటు దిగేదాకా ఆగాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఎవరికైనా నేను మొదట చూపించేది ఆ పసుపు రంగునే.

"బండి ఆగి ఉందిగా మావయ్యా, ఇంక భయమేంటి?" అన్నాడు మేనల్లుడు.

"ఆగిన బండిలోనూ అది పేలుతుందిరా. దాని ముందు మొహం పెట్టి పనిచేసేది మనమే" అన్నాను.

సీటు కిందిభాగం కవరు విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. కవరు అంచులు ఫోమ్‌లో కోసిన గాళ్లలోకి దిగి, అక్కడున్న ఇనప తీగకి చిన్న రింగులతో బిగించి ఉన్నాయి. ఆ గాడి ఎంత లోతుంటే సీటు అంత తీరుగా కనిపిస్తుంది. వరసలో రెండు రింగులు వదులైనా తోలు పైకి తేలి ముడతలు పడుతుంది. ఫోమ్‌ని బొటనవేలితో నొక్కి చూశాను. కూర్చునే చోట మెత్తన, పక్కదిండ్లలో గట్టి. తోలులోనూ అదే ఆలోచన: నడుమ భాగానికి గాలి ఆడేలా సన్నటి రంధ్రాలు, పక్కదిండ్లకి మాత్రం నునుపు తోలు. రాపిడి తగిలే చోట రంధ్రాలుంటే చిరుగు అక్కడే మొదలవుతుంది.

కుట్టు మీద కొలబద్ద పెట్టాను. రెండు వరసల పైకుట్టు, దాని కింద రెండు తోళ్లనీ కలిపిన లోకుట్టు. మూల తిరిగే చోట మా చేతుల్లో కుట్టు నిడివి తగ్గుతుంది, ఎవరైనా అక్కడ మిషను నెమ్మదిగా తొక్కుతారు కాబట్టి. ఈ సీటులో మూల దగ్గర కూడా నిడివి మారలేదు. భూతద్దం తెచ్చి మేనల్లుడి చేత ఆ మూల చూపించాను.

తోలు కింద ఫోమ్‌కి అంటించిన పలచటి హీటరు చాప ఉంది. కత్తి దానికి తగలకుండా పని చేయాలి. ఒక్క తీగ తెగితే సీటు మళ్లీ వేడెక్కదు.

మే 14, బుధవారం

తోలు కోసం చెన్నై పెరియమేట్‌కి ఫోన్ చేశాను. నల్ల తోలుల్లో కూడా నీలి ఛాయ, గోధుమ ఛాయ అని తేడాలుంటాయి. అందుకే కవరు లోపలి మడతలో ఎండ తగలని ముక్క ఒకటి కోసి కొరియర్ చేశాను.

సాయంత్రం పక్క సీట్లో చాలాసేపు కూర్చున్నాను. సీటు బయట ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. తెరలన్నీ మొన్న డాక్టరుగారు ఆన్ చేసి చూపించినవే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

డాష్‌బోర్డు నడుమ తెరే లేదు. ఏసీ బొత్తాల పలక కూడా లేదు. అడ్డంగా పలచటి డాష్‌బోర్డు, దానికి గుండ్రటి వెంట్లు అయిదు. పైనుంచి చూస్తే విమానం రెక్కలా ఉండాలని గీశారట. ఒక్కో వెంటు నడుమ ఒక నాబ్, ఆ నాబ్ మధ్యలో చిన్న తెర. నడిమి మూడింటిలో చలి ఎంత, ఫ్యాన్ ఎంత, గాలి ఎటు అన్నవి. అటూ ఇటూ చివర్లలో ఉన్నవి సీటు వేడికి. గాలి వచ్చే చోటే గాలిని తిప్పే పిడి. ఏసీ ఎక్కువై మొహానికి చలి కొడితే చెయ్యి దానంతటదే గాలి వచ్చే వైపుకి పోతుంది, తిప్పాల్సింది అక్కడే ఉంటుంది. కళ్లు రోడ్డు వదలక్కర్లేదు. ఇంతకంటే మంచి ఏసీ అమరిక నేను ఏ బండిలోనూ చూడలేదు.

మామూలుగా డాష్‌బోర్డు మధ్యలో ఉండేవన్నీ స్టీరింగ్ వెనక 12.3 అంగుళాల తెరలోకి వెళ్లిపోయాయి. వేగం, ఇంజను చుట్లు, మ్యాపు, పాటలు, అన్నీ అక్కడే. 2014 జనవరిలో లాస్ వెగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ముందు ఈ లోపలి భాగాన్నే చూపించారు, మార్చిలో జెనీవాలో పూర్తి బండి బయటపెట్టారు. చుట్ల ముల్లు తడబడకుండా తిరగాలని సెకనుకి 60 బొమ్మలు గీసేలా చేశారు. స్టీరింగ్ మీద బొత్తాం నొక్కితే ముల్లున్న గడియారాలు చిన్నవై మ్యాపు పెద్దదవుతుంది.

దీంట్లో నాకు నచ్చనిది ఒకటుంది. పక్కన కూర్చున్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. దారి చూసి చెప్పాలన్నా, పాట మార్చాలన్నా డ్రైవరు మీద నుంచి తొంగి చూడాల్సిందే. దూర ప్రయాణంలో పక్కనున్న మనిషే సగం డ్రైవరు. ఆ మనిషిని ఇంతగా పక్కన పెట్టడం సరి కాదు.

మే 17, శనివారం, రాత్రి

పాత టీటీ ఫొటోలు తీసి చూస్తూ కూర్చున్నాను. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో నమూనాగా వచ్చింది, 1998లో రోడ్డెక్కింది. బయటి ఆకారం దగ్గర ఫ్రీమన్ థామస్ పేరు అందరూ చెబుతారు. లోపలి భాగం గీసిన రోములస్ రోస్ట్ పేరు మాత్రం ఎక్కడో గాని వినపడదు. మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఆయనే ముఖ్యం. వెంట్ల చుట్టూ రింగులు, గేరు దిమ్మెకి రెండు పక్కలా ఆనుకున్న కడ్డీలు, రేడియో మీద మూత, ఇవన్నీ అల్యూమినియంతో చేయించాడు. లోహం రంగు పూసిన ప్లాస్టిక్‌కి వేలికి తగిలే చల్లదనం రాదు. పదేళ్లకి పూత లేస్తుంది కూడా.

ఓపెన్ టాప్ రోడ్‌స్టర్‌కి అయితే బేస్‌బాల్ గ్లవ్ కుట్టు అని ఒక సీటు ఇచ్చారు. లేత ఎరుపు కలిసిన గోధుమ తోలు, దాని అంచుల్ని లావుపాటి తోలు తాడుతో బయటికి కనిపించేలా అల్లారు. ఎవరైనా కుట్టు దాచడానికే చూస్తారు. కుట్టునే అలంకారం చేసిన సీటు నాకు తెలిసి అంత ధైర్యంగా ఇంకోటి లేదు.

ఆ తర్వాత బండ్ల లోపలి భాగాలన్నీ తెరలమయం అయ్యాయి. గ్లవ్‌బాక్స్ తెరవాలన్నా తెర మీద వెతకాల్సిన బండ్లు వచ్చాయి. ఇప్పుడు గాలి మళ్లీ బొత్తాల వైపు మళ్లుతోంది. యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి ఇండికేటరు, హజార్డ్ లైటు, హారను, వైపరు, అత్యవసర కాల్, ఈ అయిదింటికీ చేతికి తగిలే మీటలో బొత్తాలో లేకపోతే పూర్తి మార్కులు రావని చెప్పేశారు. ఈ మార్చిలో ఫోక్స్‌వాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ కూడా ముఖ్యమైన వాటికి బొత్తాలు మళ్లీ పెడతామన్నారు. టీటీ మాత్రం ఆ మాట వినడానికి లేదు. హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీలో 2023 నవంబరులో ఆఖరి బండి తయారైంది.

మే 20, మంగళవారం

డాక్టరుగారు వచ్చారు. ఎర్ర డైమండ్ కవర్ల సంగతి తేల్చాల్సి వచ్చింది.

వీపుభాగం బయటి అంచు మీద కుట్టిన చిన్న చీటీ చూపించాను. ఎయిర్‌బ్యాగ్ అని ఉంటుంది దాని మీద. పక్కనుంచి గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడే సంచీ సీటులోనే మడిచి పెట్టారు. అది ఆ అంచు కుట్టుని చీల్చుకుని బయటికి రావాలి. అందుకే అక్కడి దారం వేరు, కుట్టు నిడివి వేరు. ఎంత బలానికి తెగాలో ఫ్యాక్టరీలో పరీక్షించి మరీ వేస్తారు. దెబ్బ తగిలిన కొన్ని మిల్లీసెకన్లలో ఆ సంచీ తెరుచుకోవాలి. దాని మీద మనం నైలాన్ దారంతో గట్టిగా కుట్టిన కవరు తొడిగితే అది లేటవుతుంది, లేదా పక్కకి తిరుగుతుంది.

"మీరు మంచి పనివాళ్లు. ఆ కుట్టు దగ్గర జాగ్రత్తగా పలచగా వేయలేరా?" అన్నారు.

"వేయగలను డాక్టరుగారూ. అది సరిగ్గా తెగుతుందని పరీక్ష చేసే సాధనం నా దగ్గర లేదు. పరీక్ష చేయని మందు మీరు రాయరు కదా" అన్నాను.

ఆయన ఇంకేం అడగలేదు. వీపుభాగం జోలికి పోకుండా కిందిభాగం పక్కదిండు ముక్క ఒక్కటే మార్చడం, వీపుభాగం అంచు మీద గీతలకి రంగు మాత్రం అద్దడం అని ఒప్పుకున్నారు. పక్క సీటు కవరు కూడా ముట్టుకోవద్దన్నాను. మనిషి కూర్చున్నాడా లేదా అని కనిపెట్టే సెన్సరు ఆ సీటులో ఉంటుంది. పైన దళసరి స్పాంజి పడితే దాని లెక్క తప్పొచ్చు.

ఎర్ర డైమండ్ కుట్టు వేసి ఉంటే నాకు మిగిలేది దీనికి ఎన్నో రెట్లు.

మే 24, శనివారం

పెరియమేట్ తోలు ఛాయ కలిసింది. కొత్త ముక్క నిన్న కుట్టాను, పాత కుట్టు రంధ్రాల లెక్కనే వాడుకుంటూ. మూల దగ్గర మిషను ఆపి చక్రం చేత్తో తిప్పాను. నిడివి మారలేదు. పాత తోలుకీ కొత్త తోలుకీ తేడా ఎండలో పెట్టి చూసినా మేనల్లుడికి దొరకలేదు.

బండి తీసుకెళ్లడానికి డాక్టరుగారు వాళ్లమ్మగారినీ కూతుర్నీ తీసుకొచ్చారు. పాప వెనక సీట్లో ఎక్కింది. ఈ బండిలో వెనక రెండు సీట్లు పిల్లలకే. పెద్దవాళ్లు కూర్చుంటే తల వెనక అద్దానికి తగులుతుంది. ఆ ఏటవాలు అద్దం మీద పడ్డ ఎండంతా వెనకున్నవాళ్ల నెత్తి మీదే. 2012లో సుప్రీంకోర్టు చెప్పాక నల్ల ఫిల్ము వేసే పని నేను మానేశాను, అందుకని మధ్యాహ్నాలు పాపని ఇందులో తిప్పొద్దని మాత్రం చెప్పాను. ఇంత ఖరీదైన బండిలో సీటులోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు లేకపోవడం మన ఊళ్లకి నిజంగా లోటే.

అమ్మగారు ముందు సీట్లోకి దిగడానికి అవస్థ పడ్డారు. పొడుగు తలుపు, కింద సీటు, చీర కుచ్చిళ్లు. "ముందు వీపు పెట్టి కూర్చోండమ్మా, తర్వాత కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పండి" అని చెబితే కుదిరింది. కూర్చున్నాక తన పక్కనున్న చివరి వెంటు నాబ్ తిప్పారు. సీటు వేడి! బెజవాడ మే నెలలో ఎవరు వాడతారా అనుకున్నాను. "నడుం నొప్పి నాయనా. ఏసీలో కూర్చుంటే పట్టేస్తుంది. ఇది పెట్టుకుంటే హాయిగా ఉంటుంది" అన్నారు. మగరాయుడిలా కనిపించే ఈ బండిలో అందరికంటే సుఖపడుతున్నది ఆవిడే. నేను హీటరు చాపకి కత్తి తగలకుండా పని చేసింది డ్రైవరు సీటులో, దాని హీటరు మాత్రం వేసి చూడనే లేదు. ఇకమీదట ఏ బండికైనా, ఏ సీటుకైనా హీటరు పనిచేస్తోందో లేదో చూసి మరీ అప్పగించాలి.

మే 25, ఆదివారం

పొద్దున్నే మా వీధి కుర్రాడు కొత్త హ్యుందాయ్ బండి తెచ్చి పూర్తి కవర్లు కుట్టమన్నాడు. సీటు అంచు చూపించాను. అక్కడా అదే చీటీ. 2023 అక్టోబరు నుంచి ఆ కంపెనీ మన దేశంలో అమ్మే ప్రతి మోడల్‌కీ 6 ఎయిర్‌బ్యాగులు ఇస్తోంది. 60 లక్షల కూపేలో ఉన్న జాగ్రత్త ఇప్పుడు మన వీధి బండిలోకీ వచ్చింది. దాన్ని మనమే కవరు కింద కట్టేస్తున్నాం.

షెడ్డు ముందు బోర్డు రాయించాలి. మాటలు ఇవి: "సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ చీటీ ఉంటే ఆ సీటు వీపుకి కవరు తొడిగించకండి. మా దగ్గరే కాదు, ఎక్కడా వద్దు. తోలు పాడైతే బాగుచేస్తాం, రంగు వేస్తాం. ఆ ఒక్క కుట్టు మాత్రం ఫ్యాక్టరీది ఫ్యాక్టరీదిగానే ఉండనివ్వండి."