స్టర్జిస్ తిరునాళ్ళలో మా గుడారము



తిరునాళ్ళ రోజులలో ఊరు ఎలా నిండిపోతుందో మీరు చూసే ఉంటారు. అలాగే ఏడు వేల జనాభా ఉన్న ఒక చిన్న పట్టణానికి పది రోజులలో నాలుగైదు లక్షలమంది మోటారు సైకిళ్ళమీద వచ్చి చేరితే ఎలా ఉంటుందో ఊహించండి. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో స్టర్జిస్ అనే ఊరికి ప్రతి ఆగస్టు మాసంలో ఇదే జరుగుతుంది. 2015లో 75వ కూటానికి ఏడు లక్షలకు పైగా వచ్చారని పట్టణంవారి అంచనా. 2024 ఆగస్టులో 84వ కూటం జరుగుతున్నప్పుడు నేనూ నా చిన్ననాటి మిత్రుడూ అక్కడ మూడు రాత్రులు గుడారంలో గడిపాము. సంఘ కాపరికి అక్కడ ఏమి పని అని కొందరు నవ్వారు. పని నాది కాదు, నా మిత్రునిది.

మేమిద్దరం గుంటూరు జిల్లాలో ఒకే బడిలో చదువుకున్నాము. ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళి అతడు సౌత్ డకోటాలోనే సూ ఫాల్స్ నగరంలో స్థిరపడ్డాడు. ఒక్కడే కుమారుడు. ఆ అబ్బాయి ఇంజనీరింగు చదువు మధ్యలో మాని, మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపులో పనికి చేరాడు. ఇంట్లో పెద్ద మాటలు నడిచాయి. అబ్బాయి వేరే ఊరు వెళ్ళిపోయాడు. రెండు సంవత్సరాలు తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవు. తల్లి మాత్రం ఫోనులో ఏడ్చేది.

ఆ తరువాత నా మిత్రుడు ఎవరూ అనుకోని పని చేశాడు. నలభై ఎనిమిదేళ్ళ వయస్సులో మోటారు సైకిలు నేర్చుకొని, లైసెన్సు తీసుకొని, ఒక పాత బండి కొన్నాడు. ఆ బండి ఫోటో కొడుకుకు పంపాడు. పది రోజులకు జవాబు వచ్చింది: “ఆగస్టులో స్టర్జిస్ వెళ్తున్నాను. మీరు కావాలంటే అక్కడికి రండి.” అంతే. ఆ నెలలో అక్కడి తెలుగు సంఘాలను దర్శించడానికి నేను అమెరికాలో ఉన్నాను. “ఒరేయ్, ఒక్కడినే పోలేను, నువ్వు వెనకాల కూర్చో చాలు” అన్నాడు. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకొని బయలుదేరాము.

సూ ఫాల్స్ నుండి స్టర్జిస్‌కు సుమారు ఆరు వందల కిలోమీటర్లు. చేంబర్లేన్ అనే ఊరి దగ్గర మిస్సోరి నది దాటాము. ఆ తరువాత రెండు ప్రక్కలా గడ్డి మైదానాలు, అక్కడక్కడ పూసిన ప్రొద్దుతిరుగుడు చేలు. వాల్ అనే చిన్న ఊరిలో ఆగి చల్లని నీళ్ళు త్రాగాము. 1931లో టెడ్ హస్టెడ్ అనే ఆయన అక్కడ మందుల దుకాణం కొన్నారు. వ్యాపారం సాగలేదు. 1936లో ఆయన భార్య డొరతీ ఒక ఆలోచన చెప్పారు. ఎండలో పోయే ప్రయాణికులకు ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తామని దారి పొడవునా బోర్డులు పెట్టించారు. ఈనాటికీ ఆ నీళ్ళు ఉచితమే. మన ఊళ్ళలో వేసవిలో పెట్టే చలివేంద్రం గుర్తుకు వచ్చింది.

స్టర్జిస్ చేరేసరికి సాయంత్రమైంది. మెయిన్ వీధిలో రెండు అంచులా, మధ్యలోనూ మోటారు సైకిళ్ళ బారులే. మాట వినబడదు. మద్యం దుకాణాలు, సిగ్గు విడిచిన వేషాలు కూడా ఉన్నాయి. ఉన్నవాటిని లేవని వ్రాయలేను. ఊరి చుట్టూ వందల ఎకరాల పచ్చిక బయళ్ళలో గుడారాలు వెలుస్తాయి. ఊరివారు తమ ఇంటి ముందున్న గడ్డి జాగాను కూడా అద్దెకిస్తారు. మేము ఊరి చివర ఒక బయలులో స్థలం తీసుకున్నాము.

బండి దిగి సైడు స్టాండు వేయగానే అది మెత్తని నేలలోకి దిగబడసాగింది. ప్రక్క గుడారం నుండి నెరిసిన గడ్డంతో, చేతుల నిండా పచ్చబొట్లతో ఒక పెద్దాయన లేచి వచ్చాడు. ఏమీ అడగకుండా ఒక చెక్క ముక్కను స్టాండు క్రింద పెట్టి వెళ్ళాడు. అక్కడ అందరూ అలాగే చేస్తారట. చెక్క లేనివారు ఖాళీ డబ్బాను త్రొక్కి పెడతారు. రెండవ రాత్రి గాలివాన వచ్చినప్పుడు మా గుడారం కర్రలు పట్టుకొని నిలబడింది ఆయనే. వియత్నాం యుద్ధంలో పనిచేశాడట. మనుష్యుని వేషం చూసి లెక్క కట్టడం ఎంత తేలికో, ఎంత తప్పో నా మిత్రునికి వివరించనక్కరలేకపోయింది.

ఈ కూటానికి మొదలు ఒక ఇంటి పెరడు అంటే మీరు నమ్మరు. క్లారెన్స్ హోయెల్ అనే ఆయనది ఐసు వ్యాపారం. ఇండ్లలోకి ఫ్రిజ్‌లు రావడంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. ఆయన 1936లో ‘ఇండియన్’ కంపెనీ మోటారు సైకిళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. మిత్రులతో కలిసి ‘జాక్‌పైన్ జిప్సీస్’ అనే క్లబ్బు స్థాపించి, 1938 ఆగస్టు 14న పందెం పెట్టారు. పాల్గొన్నవారు తొమ్మిదిమంది. దూరం నుండి వచ్చినవారు హోయెల్ గారి పెరటిలోనే గుడారాలు వేసుకున్నారు. ఆయన భార్య పెర్ల్ గారు వారికి వండి వడ్డించారు. యుద్ధ కాలంలో పెట్రోలు రేషను వలన ఆగినా తిరిగి మొదలైంది. ఇంత పెద్ద జనసమూహం వెనుక ఒక గృహిణి వంటపాత్ర ఉన్నది.

మరుసటి ఉదయం ఊరికి ఈశాన్యంగా ఉన్న బేర్ బ్యూట్ అనే ఒంటరి కొండకు వెళ్ళాము. లకోటా, షయెన్ తెగలవారికి అది పవిత్ర స్థలం. లకోటా భాషలో ‘మాటో పాహా’, అనగా ఎలుగుబంటి కొండ. వారు నేటికీ అక్కడికి వచ్చి ప్రార్థించి, చెట్ల కొమ్మలకు రంగు గుడ్డలు కడతారు. కొండ సమీపాన బార్లు పెట్టడం, బండ్ల రొద వారిని బాధించాయి. మేము ఇంజను ఆపి, నడక దారిన కొంత దూరం ఎక్కాము. అంతవరకు నా మిత్రుడు కొడుకుతో చెప్పవలసిన మాటలను నాకు వినిపిస్తూనే ఉన్నాడు. చదువు, పెండ్లి, తల్లి ఆరోగ్యం, సంఘంలో పరువు. ఆ నిశ్శబ్దంలో కొంతసేపు కూర్చున్న తరువాత, “ఏమీ చెప్పనురా. వాడేం చెబుతాడో వింటాను” అన్నాడు.

ఆ మధ్యాహ్నం దక్షిణంగా బ్లాక్ హిల్స్ కొండలలోకి వెళ్ళాము. ఐరన్ మౌంటెన్ రోడ్డు అనే దారి పదిహేడు మైళ్ళు. అందులో 314 మలుపులు ఉన్నాయట. రాతిని తొలిచిన సొరంగాలలోంచి చూస్తే, దూరాన రష్మోర్ కొండమీద చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలు కనబడతాయి. కస్టర్ పార్కులో అడవి దున్నలు దారికి అడ్డంగా నిలబడితే బండ్లన్నీ ఆగవలసిందే. ఎదురు వచ్చే ప్రతి రైడరూ ఎడమ చెయ్యి క్రిందికి చాపి పలకరిస్తాడు. ఆ మలుపులలో ప్రాణాలు పోగొట్టుకునేవారూ ప్రతి సంవత్సరం ఉంటారు. పద్దెనిమిదేళ్ళు దాటినవారు హెల్మెట్ పెట్టాలనే చట్టం ఆ రాష్ట్రంలో లేదు. మేము మాత్రం తీయలేదు.

సాయంత్రం ఊరిలో కొందరు సహోదరులను కలిశాము. వారి వీపుమీద ‘క్రిస్టియన్ మోటార్‌సైక్లిస్ట్స్ అసోసియేషన్’ అని ఉన్నది. ఆ సంస్థ కథ విని నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. హెర్బ్ ష్రీవ్ అనే పాస్టరు గారు ఆర్కన్సాస్ రాష్ట్రంలో పరిచర్య చేసేవారు. యౌవనంలో ఉన్న కొడుకు ఆయనకు ఎదురు తిరిగాడు. అతనికి దగ్గర కావాలని ఆయన మోటారు సైకిలు కొని, కొడుకుతో కలిసి తిరిగారు. అలా రైడర్ల కూటాలకు వెళ్ళినప్పుడు, అక్కడివారి మధ్యకు సువార్తతో వచ్చేవారు లేరని గ్రహించారు. 1975లో ఆ సంస్థను స్థాపించారు. ముందు కొడుకు, తరువాత పరిచర్య. ఈ వరుస కాపరులమైన మేము జ్ఞాపకముంచుకోదగినది.

మూడవ సాయంత్రం అబ్బాయి వచ్చాడు. హెల్మెట్ తీసి, “వందనాలు అంకుల్” అని నాతో అన్నాడు. తండ్రి వైపు చూసి తల ఊపాడు. తండ్రీ తల ఊపాడు. నేను స్టవు మీద ఉప్మా కలుపుతూ నాలో నేను ప్రార్థించుకుంటున్నాను. అబ్బాయి తండ్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చైనును వ్రేలితో పైకి క్రిందికి ఆడించాడు.

“చాలా వదులుగా ఉంది నాన్నా. దీనిమీద ఇంత దూరం వచ్చారా?”

తన బండిలోనుండి స్పానర్లు తెచ్చి నేలమీద కూర్చున్నాడు. చీకటి పడుతున్నది. నా మిత్రుడు టార్చిలైటు తీసుకొని వెళ్ళి కొడుకు ప్రక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు.

“కొంచెం ఇటు పట్టండి.”

అటు పట్టాడు. అరగంట సేపు అంతకు మించి మాటలు లేవు. ఎంత బిగించాలో, ఎంత వదలాలో అబ్బాయి చూపిస్తుంటే, ఆ తండ్రి చేతిలో వెలుగు కొంచెం వణికింది. కొడుకు చేతి పనితనాన్ని అతడు చూడడం అదే మొదటిసారి.

మరునాడు ఉదయమే అబ్బాయి తన స్నేహితుల దగ్గరకు బయలుదేరాడు. ‘ఇంటికి రా’ అని తండ్రి అనలేదు. “మళ్ళీ ఎప్పుడు చూడాలి చైను?” అని మాత్రం అడిగాడు.

“ఐదు వందల మైళ్ళకు ఒకసారి చూడాలి.”

“అయితే బండి మీ షాపుకు తెస్తాను.”

“శనివారం తీసుకురండి. అమ్మను కూడా కారులో రమ్మనండి.”

ప్రియమైన తల్లిదండ్రులారా, తప్పిపోయిన కుమారుని ఉపమానంలో ఆ తండ్రి వాకిట కూర్చొని ఎదురు చూడడంతో ఆగలేదు, ఎదురుగా పరుగెత్తాడు. మన ఇండ్లలోనూ ఇంటర్ పూర్తి కాగానే బండి కొనమని అడిగే బిడ్డలున్నారు. కాదంటే అలిగేవారున్నారు. వయస్సు రాక, లైసెన్సు లేక అడిగే బండి ఇవ్వకండి. హెల్మెట్ విషయంలో పట్టు విడువకండి. 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో ద్విచక్ర వాహనాలమీద వెళ్ళినవారే అందరికంటె ఎక్కువ. అయితే బిడ్డకు ఇష్టమైనదంతా చెడ్డదని ముందే తీర్పు తీర్చకండి. ఒక ఆదివారం సాయంత్రం వాడు బండి తుడుస్తుంటే ప్రక్కన కూర్చొని, దీని పేరేమిటి, ఇది ఎలా పనిచేస్తుంది అని అడగండి. తెలియకపోతే తెలియదనండి. వాడే నేర్పుతాడు.