పాటలో మా పేరు

'మియా' అన్న మాట మాకు కొత్త కాదు. దాని రంగు పిలిచేవాడి నోటిని బట్టి మారుతుంది. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ దోస్తు 'ఏం మియా' అంటే ఒకటి. రాత్రిపూట బండి ఆపి పోలీసు 'క్యా మియా' అంటే ఇంకొకటి. జిల్లాలకు పోతే సాయిబు, తురక. వీటిల్లో ఏ ఒక్కటీ మేం పెట్టుకున్న పేరు కాదు. ఎవరో పిలిచారు, మేం పలకడం నేర్చుకున్నాం.

అందుకే 2019లో 'మియా భాయ్' పాట గల్లీగల్లీలో మోగుతుంటే మేం ఆగి విన్నాం. రుహాన్ అర్షద్ అనే హైదరాబాద్ కుర్రవాడు ఆ పిలుపును వాళ్ళ నోట్లోంచి లాక్కొని తన నోట్లో పెట్టుకున్నాడు. సినిమా లేదు, హీరో లేడు, వెనక పెద్ద కంపెనీ లేదు. ర్యాప్ పాడి, వీడియో తీసి యూట్యూబ్‌లో వదిలాడు. 50 కోట్లకు పైగా వ్యూస్ వచ్చాయి. మా పిల్లలొక్కళ్ళే చూస్తే తేలే లెక్క కాదది.

ఆ యేడు మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో మొదలైంది. మధురానగర్ స్టేషన్‌కి తరుణి అని పేరు. మేం అప్పుడు మధురానగర్‌లో కిరాయి ఇల్లు వెతుకుతున్నాం. ఒక వీధిలో పెళ్ళి బరాత్ పోతోంది. డీజేలో మియా భాయ్. నుదుట బొట్లతో కుర్రాళ్ళు ఒళ్ళు మరిచి ఆడుతున్నారు. మాకు సంతోషమే అయింది, దాచుకోవడం ఎందుకు? అదే వీధిలో టులెట్ బోర్డు కనపడితే పోయి అడిగాం. ఇల్లు చూపించారు, అడ్వాన్సు చెప్పారు, చివరికి పేరడిగారు. పేరు విన్నాక 'మేం వెజిటేరియన్లకే ఇస్తామండీ' అన్నారు. వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది. బయట పాట ఇంకా అయిపోలేదు.

అటు అమీర్‌పేట, ఇటు యూసఫ్‌గూడ. పేర్లన్నీ మావే. మధ్యలో రెండు గదులు మాత్రం దొరకవు.

ఇట్లాంటిది మాకు పాటల్లో ఇదివరకే అనుభవం. 1997 ఆగస్టులో, స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్ళయిన సందర్భంగా సోనీ వాళ్ళు రహమాన్ 'వందేమాతరం' ఆల్బమ్ విడుదల చేశారు. భరత్ బాలా తీసిన వీడియోలో జెండా, ఎడారి, పల్లె జనం. 'మా తుఝే సలాం' రాసింది మెహబూబ్, పాడింది రహమాన్. సలాం మా ఇళ్ళల్లో రోజూ వినపడే మాట. దేశం మొత్తం ఊగిపోయింది. అయినా 'మీరు వందేమాతరం పాడతారా పాడరా' అని మమ్మల్ని అడగడం ఆగిందా? పైగా రహమాన్‌నే మా ముందు సాక్ష్యంగా నిలబెట్టారు, 'ఆయన పాడలేదా?' అని. 1938లో ఇదే ఊళ్ళో, ఉస్మానియాలో, ఆ గీతం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్ళగొట్టారు. అది మేం మరిచిపోలేదు, దాన్ని సమర్థించం కూడా. కానీ పాడొద్దని వెళ్ళగొట్టే చెయ్యీ, పాడితేనే ఉండమనే చెయ్యీ మాకు వేర్వేరుగా కనపడవు.

రహమాన్‌కి సోనీ ఉంది. గల్లీ పిల్లలకి ఎవరున్నారు? 2014లో బొంబాయి కుర్లా కుర్రవాడు నేజీ ఒక్క ఐప్యాడ్ మీదే 'ఆఫత్' రికార్డు చేసి, దానితోనే వీడియో తీశాడు. మధురానగర్ హాస్టళ్ళలో కోచింగ్‌లకొచ్చిన మా పిల్లలు కూడా అంతే. గోడలకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుంటే మైకు ముందు నిలబడతారు. ముందు దరువు, దాని మీద గొంతు, తర్వాత మిక్సింగ్. పక్కనే కృష్ణానగర్, సినిమా పనివాళ్ళ పేట, కెమెరా కిరాయికి దొరుకుతుంది. స్పీకర్లో పాట పెట్టి దానికి పెదవులు కదుపుతారు. మూడు నిమిషాల పాటకి నెల జీతం పోతుంది.

ఆ దరువు సంగతి కూడా చెప్పాలి. ఈ ఊరి తీన్‌మార్ మర్ఫా వాద్యంలోంచి వచ్చింది. నిజాం కొలువుకొచ్చిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిన వాద్యమది. ఇవాళ బరాత్‌లో, బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో కాళ్ళు ఆ దరువుకే లేస్తాయి. దరువుని ఎవరూ పేరడగరు.

2021లో రుహాన్ అర్షద్ ఇస్లాంలో సంగీతం నిషిద్ధమంటూ పాటలు మానేస్తున్నానని ప్రకటించాడు. మా సెక్యులర్ మిత్రులు 'చూశారా మీ మతం' అని నవ్వారు. మా పెద్దలు 'మాషా అల్లా' అన్నారు. ఇద్దరికీ జవాబు దొరికిపోయింది, మాకే దొరకలేదు. సంగీతం మీద ఉలమాల తగాదా వందల ఏళ్ళది. దఫ్ వరకే ఒప్పుకున్నవాళ్ళున్నారు, అసలే వద్దన్నవాళ్ళున్నారు, దర్గాలో ఖవ్వాలీని ఇబాదత్ అన్న చిష్తీలున్నారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరం ఊదాడు. పింజారి ఇంట పుట్టిన నాజర్ బుర్రకథకే పితామహుడయ్యాడు. వీళ్ళూ మావాళ్ళే. పాడటం రుహాన్ ఇష్టం, మానడమూ అతని ఇష్టమే. పాడినప్పుడు చంకనెత్తుకొని, మానినప్పుడు వెనకబడ్డవాడని అనే హక్కు ఎవరికుంది?

మా తగవు వేరే ఉంది. 'మియా భాయ్'లో భాయ్ ఉన్నాడు, ఆపా ఏది? 1980లో 'ఖుర్బానీ' సినిమాకి, మరుసటేడు 'డిస్కో దీవానే'కి బిడ్డు సంగీతంలో నాజియా హసన్ గొంతు వినపడ్డప్పుడు ఆమెకి పదిహేను, పదహారేళ్ళు. కరాచీ పిల్ల ఇటు మన ఊళ్ళల్లో పెళ్ళి మైకుల దాకా వచ్చింది. మా గల్లీల్లోంచి అట్లాంటి పిల్ల ఎందుకు రాలేదన్న ప్రశ్న ముల్లాలకొక్కళ్ళకే కాదు, మాకూ తగిలేదే.

మా ఇంటి పిల్ల ఒకతె ఇప్పుడు పాట కట్టింది. తెలుగులోనే రాసింది. అమ్మీ, ఖాలా, దస్తర్‌ఖాన్ అట్లాగే ఉంచింది. 'తెలుగు రాసేటప్పుడు ఉర్దూ ఎందుకు' అని ఒకరు, 'ముసల్మాను పిల్లకి తెలుగేంటి' అని మరొకరు. ఆమె రెంటికీ దిద్దలేదు. గొంతు రికార్డయింది. వీడియోలో ముఖం కనపడాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. 'గొంతు బయటికి పోయినాక ముఖం దాచుడెందుకు' అంది అమ్మీ. అబ్బా ఏమీ అనలేదు. టోపీ సర్దుకొని ఇషాకి పోయాడు.