గోనె పర్దా

మా ఇంటి ఉర్దూలో ఒక్కరున్నా 'హమ్' అనే అంటారు. అందుకే తెలుగులో రాసేటప్పుడు కూడా మాకు 'నేను' నోటికి రాదు, 'మేం' అనే వస్తుంది. ఇరవై ఏళ్ళుగా రెండు భాషల్లోనూ పేపర్లకు రాస్తున్నాం. ఉర్దూలో రాస్తే తెలుగువాళ్ళకు మా గోడు తెలియదు. తెలుగులో రాస్తే 'మీకింత మంచి తెలుగెట్లా వచ్చింది?' అని అడుగుతారు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాళ్ళను ఆ మాట ఎందుకడగాలి? ఇల్లు అద్దెకు కావాలన్నా రుజువు, సిమ్‌కార్డు కావాలన్నా రుజువు, ఈ దేశం మాదే అనడానికీ రుజువు. మా బతుకు సగం కాగితాలు చూపించడంలోనే పోయింది. అందుకే ఏమీ చూపించకుండానే రుజువు చేయొచ్చని మా మేనల్లుడు చెప్పినప్పుడు మేం నమ్మలేదు.

మా ఆపా ఇల్లు జల్‌పల్లిలో. పాతబస్తీలో అద్దెలు కట్టలేనివాళ్ళు ఒక్కొక్కరే బయటికి జరుగుతూ జరుగుతూ, పహాడీ షరీఫ్ గుట్ట కనిపించే దాకా వచ్చి రెండేసి గదులు వేసుకున్నారు. ఆపా వాళ్ళు వచ్చిన కొత్తలో ఇంటికి తలుపు లేదు. దూల్హాభాయ్ గోనెసంచులు విప్పి, కుట్టి, గుమ్మానికి పర్దా కట్టాడు. లోపల దొంగలెత్తుకుపోయే సామానేమీ లేదు. అయినా ఆ గోనెగుడ్డ లేకుండా ఆపా ఒక్క పూట కూడా పొయ్యి వెలిగించలేదు. 'దాచుకోవడానికేం లేకపోయినా పర్దా ఉండాలి తమ్ముడూ, వండేదేమిటో వీధికి తెలియాల్నా?' అనేది. ఆ పర్దా వెనక కూచుని చదువుకున్న పిల్లవాడే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

పగలు కంపెనీలో పని. రాత్రి ఇంటికొచ్చి, తిని, మళ్ళీ కంప్యూటరు ముందు కూచుంటాడు. ఒకనాడు అడిగాం.

"ఈ రాత్రి పనికి జీతమెంత బేటా?"

"జీతం లేదు మామూ. జీక్యాష్ అని ఒక ప్రాజెక్టు. ఎవరైనా చదవొచ్చు, తప్పు దొరికితే దిద్ది పంపొచ్చు. బాగుంటే తీసుకుంటారు, లేకుంటే లేదు."

మేం ఆర్ట్స్ చదివినవాళ్ళం. మాకు అర్థమయ్యేలా చెప్పమన్నాం. వాడు కిరాణా కొట్టుతో మొదలుపెట్టాడు. బిట్‌కాయిన్ 2009 నుంచి నడుస్తోంది. దాన్ని అందరూ రహస్యమనుకుంటారు. నిజానికది ఉద్దెర పుస్తకాన్ని బజార్లో వేలాడదీసినట్టు. ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు ఎంత పోయిందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. పేర్లుండవు గానీ, ఫలానా చిరునామా ఫలానావాడిదని ఒక్కసారి తెలిస్తే చాలు, దాంట్లో జరిగిన పాత లెక్కలన్నీ బయటపడతాయి. ఎవరికి అప్పున్నాడో, ఏ డాక్టరుకు ఎంత కట్టాడో, ఏ విధవరాలికి జకాత్ పంపాడో అన్నీ.

2016 అక్టోబరులో మొదలైన జీక్యాష్‌లో, కావాలనుకున్నవాళ్ళు పంపినవారినీ, అందుకున్నవారినీ, మొత్తాన్నీ కప్పి పెట్టొచ్చు. అయినా లెక్కలో మోసం లేదని అందరూ సరిచూసుకోవచ్చు. దీని వెనక ఉన్నది జీరో నాలెడ్జ్ ప్రూఫ్. గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ అనే ముగ్గురు 1985లో ఆలోచించిన లెక్క. ఒక మాట నిజమని నిరూపించడం, ఆ మాట తప్ప ఇంకేదీ బయటపెట్టకపోవడం. పద్దెనిమిదేళ్ళు నిండాయని పుట్టినరోజు చెప్పకుండానే నిరూపించినట్టు.

మేం వాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాం. పేరు చెప్పకుండా, బాపు పేరు చెప్పకుండా, బస్తీ పేరు చెప్పకుండా, 'నేను చెప్పేది నిజం' అని ఒప్పించడం! ఇట్లాంటిది ఒకటుందని మాకెవరూ చెప్పలేదే.

వాడు చేసిన పనేమీ పెద్దది కాదని వాడే అంటాడు. డబ్బు దాచుకునే వాలెట్‌లో ఒకచోట లెక్క తప్పితే పట్టుకున్నాడు. పాత ఫోన్లలో అది ఆగిపోకుండా పరీక్షలు రాశాడు. మొదట్లో ఒక్క కప్పిన చెల్లింపుకు 3 జీబీకి పైగా మెమరీ, అరనిమిషం పైగా సమయం పట్టేవట. 2018 అక్టోబరులో వచ్చిన సాప్లింగ్ మార్పుతో అది 40 ఎంబీకి, కొన్ని సెకన్లకు దిగింది. అప్పటినుంచే చేతిఫోనుకు అందింది. జల్‌పల్లి పిల్లవాడికి సంతోషం అక్కడే. ఖరీదైన కంప్యూటరున్నవాడికే పర్దా ఉంటే అదేం పర్దా?

ఇంకో సంగతి కూడా చెప్పాడు. 2018లో ఆ ప్రాజెక్టులోనే పనిచేసే ఒక గణితవేత్త పాత లెక్కలో దాగిన తప్పును కనిపెట్టాడు. దాంతో ఎవరికీ తెలియకుండా దొంగ నాణేలు పుట్టించే వీలుండేది. ఆ అక్టోబరు మార్పులోనే దిద్ది, 2019 ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. పర్దా ఉన్నచోట లోపలి చిరుగు బయటికి కనిపించదు. అందుకే చూసే కళ్ళు ఎక్కువ కావాలి. తన కళ్ళు కూడా వాటిలో రెండంటాడు.

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు గొడవ అనుకోకండి. మన దగ్గర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, స్టాంపుల చట్టాన్ని సవరించి, బ్యాంకుల్లో ఉన్న జనం కాగితాలను కలెక్టరు పంపిన ఎవరైనా చూడొచ్చన్నారు. హైదరాబాద్ కలెక్టరుకూ కెనరా బ్యాంకుకూ నడిచిన ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు కాదంది. కాగితాలు బ్యాంకులో ఉన్నంతమాత్రాన మనిషి గోప్యత పోదంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

తీర్పు ఢిల్లీలో వచ్చింది. మా గల్లీల్లోకి కెమెరాలు వచ్చాయి. కాలాపత్తర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం నేల కెమెరాల చూపులో ఉందని 2021లో ఆమ్నెస్టీ లెక్కతేల్చింది. ఆ ఏడాది మే నెలలో లాక్‌డౌన్ వేళ ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు. అయినా ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాచారు, ఎవరు చూస్తారు అని ఆయన అడిగాడు. ముఖాలను గుర్తుపట్టే యంత్రం మీద తెలంగాణ హైకోర్టుకు వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

మసూద్ తన పేరు పెట్టి కొట్లాడాడు. మావాడు పేరు దాచి పనిచేస్తాడు. ఆ ప్రాజెక్టులో వాడికున్నది నాలుగక్షరాల మారుపేరు. మాకది నచ్చలేదు. మంచి పని చేస్తూ దొంగలా ఎందుకు దాక్కోవాలి?

"పేరు పెడితే కోడ్ చదవరు మామూ, పేరు చదువుతారు. ఇక్కడ నా లైను తప్పయితే తప్పని చెప్తారు, బాగుంటే బాగుందంటారు. నువ్వెవరని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

మాకు నోట మాట రాలేదు. మా తెలుగు ఎట్లా వచ్చిందని అడగకుండా మా రాత చదివిన రోజు ఒక్కటైనా ఉందా?

ఆపా భయం వేరు. పక్కింటి టీవీలో చూసింది. "ఇదే పని మాదాపూర్‌లో వేరే పిల్లగాడు చేస్తే ఇంజనీరంటరు. మనోడు చేస్తే ఏమంటరో తెల్వదా?" అంది. భయం ఊరికే కాదు. టోర్నడో క్యాష్ అనే ఇలాంటి పనిముట్టు రాసిన ప్రోగ్రామర్‌ను 2022 ఆగస్టులో నెదర్లాండ్స్‌లో అరెస్టు చేశారు. ఉత్తర కొరియా దొంగల డబ్బు దాంట్లోంచి పోయిందన్నారు. 2024 మేలో అక్కడి కోర్టు 5 ఏళ్ళ 4 నెలల జైలు వేసింది. ఆయన పేరు అలెక్సీ. ఆ పేరున్నవాడికే అంత శిక్షయితే మా పేరున్నవాడి సంగతేమిటి?

మేమూ ఊరుకోలేదు. "దొంగలకు కూడా ఇదే పర్దా పనికొస్తుంది కదా?" అన్నాం. "వస్తుంది. తాళం చేసేవాడు కొనేవాడి మనసు చూడలేడు కదా మామూ" అన్నాడు. ఈ జవాబు మాకు పూర్తిగా సరిపోలేదు. కాయిన్ల పేరుతో కూలి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళను మేం చూశాం. డబ్బు పెట్టమని మేం ఎవరికీ చెప్పం. వాడు కూడా పెట్టలేదు.

కానీ ఒక్క మాట మా మనసులో నిలిచిపోయింది. జీక్యాష్‌లో వ్యూయింగ్ కీ అని ఒకటుంది. చూడ్డానికి మాత్రమే పనికొచ్చే తాళంచెవి. ఆడిటరుకో, తోబుట్టువుకో, కోర్టుకో, మనం ఇచ్చినవాళ్ళకే లెక్క కనిపిస్తుంది. అంటే పర్దా దాచడం కోసం కాదు. ఎవరికి తీయాలో నిర్ణయించుకోవడం కోసం. ఇన్నాళ్ళూ మా గుమ్మాల దగ్గర పర్దా తీసింది మేం కాదు, వచ్చినవాళ్ళు.

ఆపా ఇంటికి ఇప్పుడు ఇనుప తలుపుంది. గోనె పర్దా మడిచి ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. ఈ వ్యాసం రాస్తామంటే మేనల్లుడు రాయమన్నాడు, తన పేరు మాత్రం వద్దన్నాడు. ఆపాను అడిగాం. "వాడొద్దన్నాక నువ్వెవరు రాయడానికి?" అంది. రాయలేదు.